చేతి పొరపాటు, నోటి పాపము



పరిశుద్ధ గ్రంథములో కుట్టుపని మొట్టమొదట ఎక్కడ కనబడుచున్నదో ఎప్పుడైనను గమనించితిరా? ప్రత్యక్షపు గుడారపు తెరల యొద్ద కాదు, యాజకుని అంగీ యొద్ద కాదు. ఆదికాండము మూడవ అధ్యాయములో, మన ఆది తల్లిదండ్రులు అంజూరపు ఆకులను ఒకదానికొకటి కుట్టి నడుమునకు చుట్టుకొనిన చోట కనబడుచున్నది. అంతకుముందు వారికి కుట్టుట తెలియదు. నేర్పినవారును లేరు. ఆ కుట్టు ఎంత వంకరగా ఉండెనో లేఖనము చెప్పలేదు. వారు దాచుకొనుటకు కుట్టుకొనిరని మాత్రము మనకు తెలియుచున్నది.

ఎన్ని ప్రసంగములు వినినను ఈ సంగతి మాకు తట్టలేదు. ఒక పసిదాని క్రిస్మస్ గౌను పాడుచేసిన తరువాతనే తట్టినది. ఆ కథ ముందుకు చెప్పెదము.

ఇప్పుడు ఈ మాట ఎత్తుటకు కారణమేమనగా, గత నెలలో ఒక చిన్నది మమ్మును ఒక ప్రశ్న అడిగినది. శనివారము మధ్యాహ్నము మా వసారాలో స్త్రీల కూటమువారు ఆడపిల్లలకు కుట్టు నేర్పుచున్నారు. కాలితో త్రొక్కు మిషన్లు రెండు, చేతితో త్రిప్పునది ఒకటి ఉన్నవి. ఆ పిల్ల లంగాకు ప్రక్కకుట్టు వేయుచు ఒక ముక్కను తిరగవేసి కుట్టినది. పువ్వులు ఒక ప్రక్క పైకి, ఒక ప్రక్క లోపలికి వచ్చెను. అది చూచుకొని కండ్ల నీళ్లు పెట్టుకొని, "అమ్మగారూ, గుడ్డ పాడుచేస్తే పాపమాండీ?" అని అడిగినది. తోటిపిల్లలు నవ్విరి. మాకు నవ్వు రాలేదు. "కాదమ్మా, విప్పి మళ్లీ కుట్టుకో" అని చెప్పితిమి గాని, అది సగము జవాబే.

పాపము అని మనము చదువుకొను మాటకు మూలభాషలలో గురి తప్పుట అను అర్థము కలదని బోధకులు తరచుగా చెప్పుదురు. అది నిజమే. న్యాయాధిపతుల గ్రంథము 20వ అధ్యాయములో ఎడమచేతి వాటముగల 700 మంది బెన్యామీనీయుల సంగతి యున్నది. వారు వడిసెలతో తలవెంట్రుకకు గురిపెట్టినను తప్పరట. అక్కడ తప్పుట అనుటకు హెబ్రీ భాషలో వాడిన క్రియ, పాపము చేయుట అనుటకు వాడు క్రియయే. అయితే దానినిబట్టి గురి తప్పిన ప్రతి రాయియు పాపమగునా? ఆ 700 మందియు పుట్టిననాడే వెంట్రుకను కొట్టలేదు గదా! చిన్నతనమున వారు విసరిన రాళ్లు పొరుగువాని ద్రాక్షతోటలో ఎన్ని పడినవో!

ధర్మశాస్త్రము తెలియక చేసినదానిని, తెలిసి చేసినదానిని ఒకే త్రాసులో తూచలేదు. లేవీయకాండము 4వ అధ్యాయము తెలియక చేసినవారి కొరకు మార్గము చూపినది. సంఖ్యాకాండము 15వ అధ్యాయము తెలియక చేసినవానిని ఒక విధముగాను, తెలిసియు తెగించి చేసినవానిని మరియొక విధముగాను చూచినది. అయినను తెలియక చేసినది అసలు లెక్కలోనికే రాదని మాత్రము చెప్పలేదు. ఈ రెండు మాటలను కలిపి పట్టుకొనుట మనకు కష్టము. చేయి తప్పినవాని హృదయము నిర్మలముగానే ఉండవచ్చును. కాని గుడ్డ ఇచ్చినవాని గుడ్డ పోయినది గదా.

కుట్టుపనిలో ఉన్నవారికి ఇంకొక సంగతి తెలియును. తప్పులన్నియు ఒకే విధముగా వెనుకకు రావు. గోదావరి డెల్టాలో నర్సాపురము చుట్టుపట్ల గ్రామములలో 19వ శతాబ్దమున మిషనెరీలు నేర్పిన లేసు అల్లిక నేటికిని అనేక స్త్రీల చేతులలో నిలిచియున్నది. దానికి ఒక దారము, ఒక కొక్కెపుసూది చాలును. లెక్క తప్పినదని తెలిసినప్పుడు కొన పట్టి లాగినచో అల్లినదంతయు ఊడి మరల దారపుఉండలోనికి పోవును. అంగుళము దారమైనను నష్టము లేదు. యిర్మీయా 18వ అధ్యాయములోని కుమ్మరి మట్టియు అట్టిదే. పాత్ర చెడినది గాని మట్టి చెడలేదు. అతడు దానినే మరల ముద్దచేసి వేరొక పాత్రగా చేసెను.

మిషను కుట్టు అట్లు కాదు. దానిలో రెండు దారములున్నవి. పైదారము సూదినుండియు క్రింది దారము బాబినునుండియు వచ్చి గుడ్డ నడుమ ఒకదానినొకటి పట్టుకొనును. కొన దొరకబుచ్చుకొని లాగినంతమాత్రమున అది రాదు. ఒకవైపు నాలుగైదు కుట్లకు ఒకసారి దారము తెంపుచు పోయి, రెండవవైపు దారమును మెల్లగా లాగవలెను. బ్లేడు పట్టుకొని తొందరపడినచో గుడ్డయే తెగును. ఎంత ఓపికగా విప్పినను సూది రంధ్రముల వరుస కనబడుచునే యుండును. నూలుగుడ్డయైనచో తడిపి ఇస్త్రీ చేసిన తరువాత చాలవరకు పూడిపోవును. పట్టుగుడ్డకు ఆ గుర్తు నిలిచిపోవును.

ఇక కత్తెర సంగతి. కత్తెర పడిన గుడ్డను వెనుకకు తెచ్చుటకు ఏ పనిముట్టును లేదు. అందుచేతనే అనుభవజ్ఞులు మెడను ముందు చిన్నదిగా కత్తిరించుదురు. కుట్టి మడచునప్పటికి అది ఎట్లును పెద్దదగును. ఇంకను చాలనియెడల మరికొంత కత్తిరించవచ్చును. ఎక్కువ పోయినదానిని మాత్రము అతికించలేరు.

దేవుని చేతిలో మనము కుమ్మరి మట్టివలె ఉందుమని ప్రార్థించుచున్నాము. ఆ ప్రార్థన తగినదే. కాని పొరుగువారి యెడల మనము చేసినది చాలసార్లు మట్టిపని కాదు, కత్తెరపని. దేవుడు మనలను మరల చేయును గాని, మనము కోసిన పొరుగువాని గుడ్డ అతుకుకొనదు.

ఇప్పుడు మా కథ.

అప్పటికి మేము ఒక గ్రామ సంఘమునకు క్రొత్తగా వచ్చియుంటిమి. అయ్యగారు సేవలో ఉండగా మేము ఇంటివద్ద మిషను పెట్టుకొని కుట్టు నేర్చుకొనుచుంటిమి. దిండు గలీబులు కుట్టితిమి, లంగాలు కుట్టితిమి. ఆరు వారములకే మాకు పని వచ్చినదను ధైర్యము కలిగెను. క్రిస్మస్ ముందర సంఘములోని ఒక తల్లి కోతల కూలి డబ్బులతో రెండు మీటర్ల పువ్వుల గుడ్డ కొని, ఎనిమిదేండ్ల కుమార్తెకు పొడుగు చేతుల గౌను కావలెనని మా యొద్దకు తెచ్చెను. టైలరుకు ఇచ్చుటకు డబ్బు చాలదు; అమ్మగారు కుట్టుచున్నారని వినెను.

గౌను చేయి కత్తిరించుటలో ఒక కిటుకు కలదు. భుజమునకు అంటు వంపు ముందువైపు కొంచెము లోతుగాను, వెనుకవైపు తక్కువగాను ఉండవలెను. గుడ్డను మడచి రెండు పొరలు కలిపి కత్తిరించినచో, ఒకటి కుడిచేయి, ఒకటి ఎడమచేయి వాటంతట అవే వచ్చును. మేము గుడ్డ మిగుల్చుదమని తలంచి, మిగిలిన ముక్కలలో ఒంటిపొర మీదనే ఒకదాని తరువాత ఒకటి కత్తిరించితిమి. రెండుసార్లును పువ్వులవైపే పైకి పెట్టితిమి. తీరా కుట్టబోవునప్పుడు చూచినచో, రెండును ఎడమచేతులే! తెల్లగుడ్డయైనచో ఒకదానిని తిరగవేసి సరిపెట్టవచ్చును. పైవైపు పువ్వులు, లోవైపు వెలిసిన గుడ్డగా ఉన్నదానికి ఆ ఉపాయము లేదు. మిగిలినది మరియొక చేతికి చాలలేదు.

ఇంతవరకు జరిగినది పొరపాటు. మేము ఈనాటికిని దానిని పాపమని ఒప్పుకొనము. నేర్చుకొనువారందరి చేతులును ఈ దారిలోనే నడచినవి.

మరునాడు ఆ తల్లి వచ్చినప్పుడు మేము చేతులు లేని గౌనును ఆమె చేతిలో పెట్టి, "గుడ్డ తక్కువ వచ్చిందమ్మా" అంటిమి.

ఆమె గౌను వంక చూచి, "రెండు మీటర్లూ అడిగే కొన్నానండి అమ్మగారూ" అన్నది. మేము పలుకలేదు. ఆ పలుకకపోవుటయు రెండవ అబద్ధమే. ఆమె మా మాటను అనుమానించలేదు. పాస్టరుగారి ఇంటిలో అబద్ధముండునని ఆమె ఎందుకు తలంచును? కొలిచి ఇచ్చినవానినే అనుమానించెను.

అబద్ధమునకు కాళ్లు వచ్చినవి. ఆమె బట్టల కొట్టుకు పోయి అడిగెను. అతడు తాను సరిగానే కొలిచితిననెను. మాటకు మాట పెరిగినది. కొట్టువాడు కొలతలో కొట్టుచున్నాడని వారము దినములలో పల్లె అంతయు చెప్పుకొనెను. అతడు మన సంఘస్థుడు కాడు, క్రైస్తవుడును కాడు. అయినను పండుగలకు మన పల్లెవారికి అరువు పెట్టువాడు. ఆమెకు అరువు మానివేసెను. పండుగనాడు ఆ పిల్ల చేతులు లేని గౌను తొడుగుకొని, చలికి తల్లి పైటకొంగు కప్పుకొని గుడిలో ముందు వరుసలో కూర్చుండెను. మేము పాటలు పాడించుచుంటిమి.

ఏదెనులో ఏమి జరిగెనో అప్పుడు మాకు అర్థమైనది. ఆదాము స్త్రీ పేరు చెప్పెను, స్త్రీ సర్పము పేరు చెప్పెను. మేము కొట్టువాని పేరైనను ఎత్తకుండ ఆ పని చేసితిమి. అంజూరపు ఆకులకు బదులు ఒక మనుష్యుని మంచిపేరును కోసి మమ్మును మేము కప్పుకొంటిమి.

క్రొత్త సంవత్సరపు మొదటి ఆదివారము ప్రభురాత్రి భోజనము. ముందురోజు రాత్రి మత్తయి సువార్త 5వ అధ్యాయము తెరచితిమి. బలిపీఠము నొద్ద అర్పణము విడిచిపెట్టి, ముందు సహోదరునితో సమాధానపడుమని ప్రభువు చెప్పిన మాటవద్ద ఆగిపోతిమి. అంతకుముందు దానిని ఎన్నిసార్లో చదివితిమి. సహోదరునికి మనమీద ఏదైన ఉన్నదని అర్పించువానికి జ్ఞాపకము వచ్చినయెడల అని అక్కడ ఉన్నది. ఆ తల్లికి మామీద ఏమియు లేదు. మేము చేసినదే ఆమెకు తెలియదు. కొట్టువానికిని తెలియదు. ఎవరికిని తెలియదు గనుక సంస్కారము తీసికొనవచ్చునని మా మనస్సు వాదించెను. ఆ వాదము నమ్మవచ్చునేమో అన్నంత చక్కగా ఉండెను.

చివరకు అయ్యగారితో అంతయు చెప్పితిమి. వారు ప్రసంగమేమియు చేయలేదు. "ఆ కొట్టు ఆదివారం తెరుస్తారా?" అని మాత్రము అడిగిరి. తెరువరు. మరునాడు మేము బల్లయొద్దకు పోలేదు. సోమవారము ఉదయము ఆ తల్లి ఇంటికి పోతిమి.

ఆమె విని చాలసేపు మాటలాడలేదు. తరువాత, "చెయ్యి తప్పిందని ఆవేళే అంటే నేనేమంటానండి అమ్మగారూ? మాకూ నాట్లలో చెయ్యి తప్పుద్ది. ఆయన్ని నేను నోటికొచ్చినట్టు అన్నాను. ఇప్పుడు నా మొహం ఎట్టా చూపించను?" అన్నది. మా పొరపాటును గూర్చి ఆమెకు బాధ లేదు. తన నోట మేము పలికించిన మాటను గూర్చియే ఆమె ఏడ్చెను. మేము దీనిని ముందుగా ఊహింపలేదు.

లేవీయకాండము 6వ అధ్యాయము ప్రారంభములో పొరుగువానిని మోసపుచ్చినవాని విధి యున్నది. అసలు సొమ్మును, దానిలో అయిదవ వంతును చేర్చి సొంతదారునికి ఇయ్యవలెను. అపరాధ పరిహారార్థబలి తెచ్చిన దినముననే ఇయ్యవలెను. నూరు రూపాయలకు నూట ఇరువది. లూకా సువార్త 19వ అధ్యాయములో జక్కయ్య దానిని మించి నాలుగంతలు ఇచ్చెదననెను. మేము ఆ తల్లికి గుడ్డ వెలయు, దానిలో అయిదవ వంతును ఇచ్చితిమి. ఆమె రెండును పుచ్చుకొన్నది. వద్దని తిరిగి ఇచ్చినచో మా మనస్సుకు హాయిగా ఉండెడిది. ఆమె పుచ్చుకొనుటయే న్యాయము.

ఆమెను వెంటబెట్టుకొని కొట్టుకు పోతిమి. కొట్టాయన నిలుచుండియే అంతయు వినెను. మేము క్షమాపణ అడుగగా, "సరేనండి, నాకు చెప్పారు. మరి పల్లెలో ఎవరు చెప్తారు?" అనెను. ఆ ప్రశ్నకు మాయొద్ద సిద్ధమైన జవాబు లేదు. దేవునియొద్ద ఒప్పుకొంటిమి, ఆ తల్లియొద్ద ఒప్పుకొంటిమి, ఇతనియొద్ద ఒప్పుకొంటిమి, అంతటితో తీరినదనుకొంటిమి. అతని పేరు పోయినది మాత్రము పల్లెలో గదా!

తరువాతి ఆదివారము ఆరాధన ముగిసినప్పుడు, ప్రకటనలు చదువు సమయమున, మేము లేచి సంఘము ఎదుట చెప్పితిమి. మోకాళ్లు వణకినవి. విని కొందరు మరల ఆ కొట్టుకు పోయిరి. కొందరు మాత్రము, "అమ్మగారు ఎవరినో కాపాడటానికి చెప్తున్నారు" అనుకొని వేరే కొట్టుకే పోవుచుండిరి. ఆ తల్లికి అరువు మరల దొరకుటకు ఎండకాలము వచ్చినది. దేవుడు మమ్మును క్షమించెనని మేము నిశ్చయముగా నమ్ముచున్నాము. అయినను ఆ కొట్టువాడు పోగొట్టుకొనిన బేరము మరల అతనికి వచ్చెనని మాత్రము చెప్పలేము.

ఇదంతయు ఎందుకు జరిగెనని తరువాత ఆలోచించితిమి. అహంకారము ఉన్నది, దానిని కాదనము. కాని మరియొకటి కూడ ఉన్నది. చిన్నప్పుడు మాకు మొదట సూది పట్టించినవారు కుట్టు వంకరపోయినచో వ్రేళ్లమీద కొట్టెడివారు. ఆ దెబ్బలవలన కుట్టు తిన్నగా రాలేదు. వంకర కుట్టును మడతలో దాచుట మాత్రము చక్కగా వచ్చినది. తల్లులారా, ఉపదేశకులారా, తప్పు కనబడగానే చేయెత్తకుడి. చెప్పుకొనిన పిల్లకు ఒక దెబ్బ, దాచుకొనిన పిల్లకు ఏమియు లేదనినచో, పిల్లలు ఏ మార్గము నేర్చుకొందురు?

మా మాటకు ఎవరైన అడ్డు చెప్పవచ్చును. పొరపాటు పాపము కాదని పదేపదే చెప్పినచో పిల్లలు అజాగ్రత్త నేర్వరా? నేర్తురు, కొందరు. గుడ్డను ముందుగా తడిపి ఆరవేయమని పదిసార్లు చెప్పినను వినక, కొలత తీసి కత్తిరించిన పిల్ల ఒకతె ఉన్నది. మొదటి ఉతుకుకే ఆ రవికె కుంచించుకొని పోయెను. (పాతబట్టకు ఉతకని కొత్తగుడ్డ అతుకు వేసినచో ఏమగునో ప్రభువే చెప్పెను, మార్కు 2వ అధ్యాయము చూడుడి. బట్ట కుంచించుకొను సంగతి ఆయన వినువారికి బాగుగా తెలిసియుండవలెను.) తెలిసియు వినకపోవుట వేరు, తెలియక చేయి తప్పుట వేరు. ఆ పిల్లను మందలించితిమి. అయితే ఆమె ఆ రవికెను దాచక తెచ్చి చూపినందున, మందలింపు అంతటితో ఆగినది.

నేడు అనేకమంది పిల్లలు ఫోనులో చూచి కుట్టు నేర్చుకొనుచున్నారు. మంచిదే; మా కాలమున ఆ వసతి లేదు. కాని అక్కడ చూపువారి చేతిలో గుడ్డ సాధారణముగా పాడు కాదు, పాడైనది చూపరు. పిల్ల తన చేతిలోని వంకరకుట్టును చూచుకొని, లోకములో తానొక్కతెయే ఇట్లు చేసినదనుకొనును. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన అంగీలను, వస్త్రములను పేతురుకు చూపుచు ఏడ్చిరని అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయములో చదువుచున్నాము. వాటిలో ఆమె మొదటి దినములలో కుట్టినది ఒకటైనను ఉండునేమోయని మాకు ఎప్పుడును తోచును. ఉండినచో దానిని కట్టుకొనినవారు తెచ్చి చూపకుండ ఉందురా?

మన టైలర్లు రవికె కుట్టునప్పుడు ప్రక్కకుట్టు లోపల రెండు మూడు వ్రేళ్ల గుడ్డ వదలుదురు. ఒళ్లు వచ్చినప్పుడు పాత కుట్టు విప్పి, లోపలి గుడ్డను పైకి తెచ్చి, వదులు చేసికొనవచ్చును. పైకి అది కనబడదు. గుడ్డ మిగిలించుకొందమని దానిని వదలక అంచుదాక కుట్టినవాని రవికె మొదటి ఏడు చక్కగానే యుండి, రెండవ ఏడు చంకలో పిగులును. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 3వ అధ్యాయములో పౌలు ఓర్పును బట్టవలె తొడుగుకొనుమన్నాడు. ఆయన డేరాలు కుట్టినవాడు. కుట్టునకు లోపల ఎంత వదలవలెనో ఆయన చేతులకు తెలిసియుండును.

ఆ తల్లి మరుసటి క్రిస్మస్‌కు మరల గుడ్డ తెచ్చి మా చేతికే ఇచ్చినది. మేము ఆశ్చర్యపడితిమి. "ఈసారి ముందు కాగితం కత్తిరించుకోండి అమ్మగారూ" అన్నది. పాత వార్తాపత్రిక మీద రెండు చేతులును గీసి, కత్తిరించి, పిల్ల భుజమునకు ఆనించి చూచి, ఆ తరువాతనే గుడ్డమీద కత్తెర పెట్టితిమి. నాటినుండి నేటివరకు మా వసారాలో నేర్చుకొను ప్రతి పిల్లయు మొదట కాగితమే కోయవలెను. గుడ్డ ముట్టుటకు తొందరపడి వారు విసుగుకొందురు.

ఆ రెండు ఎడమచేతులును మాయొద్దనే యున్నవి. కుట్టుపెట్టెలో అడుగున, దారపుఉండల క్రింద ఉంచితిమి. పువ్వులు కొంత వెలిసినవి. క్రొత్త పిల్ల వచ్చిన మొదటి శనివారము వాటిని బయటికి తీసి బల్లమీద ప్రక్కప్రక్కన పరచి, "ఇందులో కుడిచేయి ఏది?" అని అడుగుదుము. ఇంతవరకు ఏ పిల్లయు మొదటిచూపులో చెప్పలేదు. గత నెల కండ్ల నీళ్లు పెట్టుకొనిన చిన్నది మాత్రము రెంటిని తన భుజమునకు ఒకటొకటిగా ఆనించుకొని, చాలసేపు చూచి, "కుడిచెయ్యి లేదండీ, రెండూ ఎడమవే. ఎవరు కత్తిరించారండీ?" అన్నది.

మేము చెప్పితిమి.